ఎర్ర మూత, నారింజ మూత

కేస్ షీటులో ఆ మాట నా చేతిరాతలోనే ఉంది: "నాన్ కంప్లయంట్ టు ఇన్సులిన్." పొద్దున రౌండ్స్‌లో మా సీనియర్ డాక్టరైన పీజీ సార్ కంట పడాలని దాని కింద గీత కూడా గీశాను. 2019 ఏప్రిల్ మొదటి వారం, రాత్రి రెండు దాటింది. హౌస్ సర్జన్‌గా, అంటే ఎంబీబీఎస్ చివరి ఏడాది ట్రైనింగ్‌లో, చేరి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ మాటకు ఆసుపత్రి భాషలో అర్థం, ఈ పేషెంట్ మనం చెప్పిన మందు వేసుకోవట్లేదు అని. వేసుకుంటున్నానని నోటితో చెబుతున్న మనిషి గురించి అలా రాశామంటే, ఆమె అబద్ధం ఆడుతోందని సంతకం పెట్టి రాసినట్టే. అప్పుడు నాకు అది తట్టలేదు.

ఆమెకు యాభై దాటాయి. ఎవరూ పోల్చుకోకుండా ఊరు, ఇల్లు లాంటివి కొన్ని మార్చి రాస్తున్నాను. ఆసుపత్రి పేరు కూడా రాయను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. పాలమూరు వైపు నుంచి ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్ వచ్చిన కుటుంబం. వారాసిగూడ దగ్గర రేకుల ఇంట్లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉండేది. కొడుకు ఆటో నడుపుతాడు. ఈమె ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోముతుంది. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. గోలీలతో ఆగక ఇన్సులిన్ మొదలుపెట్టి అప్పటికి ఏడాది.

ఏప్రిల్‌లో వచ్చింది ఎడమ కాలు వాచి, ఎర్రబడి, జ్వరంతో. షుగర్ 480.

"ఇన్సులిన్ వేసుకుంటున్నావా పెద్దమ్మా?"

"ఎందుకు ఏసుకోను బిడ్డా. దినాం రెండు పూటలు ఏసుకుంటున్న."

"మరి షుగర్ ఇంతెందుకు ఉంది?"

ఆమె ఏమీ మాట్లాడలేదు. ఏం చెబుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది నేను. కానీ ఆమె మౌనాన్నే జవాబుగా తీసుకుని షీటులో రాసేసుకున్నాను.

పాత కాగితాలు చూస్తే ఫిబ్రవరిలో కూడా ఒకసారి అడ్మిట్ అయింది. అప్పుడూ షుగర్ నాలుగు వందల పైనే. వార్డులో సిస్టర్లు ఇన్సులిన్ ఇస్తే రెండు రోజుల్లో దిగింది. ఇంటికి వెళ్లాక మళ్లీ ఎక్కింది. పీజీ సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "వార్డులో మనం ఇస్తే దిగుతోంది, ఇంటికెళ్తే ఎక్కుతోంది. ఇందులో అర్థం కానిదేముంది?" నిజంగానే నాకూ అంతే అనిపించింది. ఆ వాదనలో ఎక్కడా కంత కనిపించలేదు. అయినా షుగర్ చూసి డోసు పెంచి పంపాం. పొద్దున 24 యూనిట్లు, రాత్రి 16.

డిశ్చార్జ్ రోజు నేను ఆమెకు పది నిమిషాలు చెప్పాను. కిడ్నీలు పోతాయని, కళ్లు పోతాయని, కాలు తీసేయాల్సి వస్తుందని. శ్రద్ధగానే చెప్పాను, ఆమె బాగు కోరే చెప్పాను. పక్కన నిలబడ్డ కొడుకు, "ఇన్నవా, డాక్టరమ్మ ఏం చెప్తుందో" అని తల్లిని గట్టిగా కసిరాడు. ఇంట్లో కూడా ఒకరు మన మాట అందుకుంటున్నారు, మంచిదే అనుకున్నాను. ఆమె తల వంచుకుని మందుల కవరు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

మే చివర్లో మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా ఏఎంసీకి, అంటే అత్యవసర వైద్య విభాగానికి. వాంతులు, ఆయాసం, నోరు పిడచకట్టుకుపోయింది. షుగర్ 512, మూత్రంలో కీటోన్స్. శరీరానికి సరిపడా ఇన్సులిన్ అందకపోతే కణాలు చక్కెరను వాడుకోలేవు. ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్స్ తయారై రక్తం ఆమ్లంగా మారుతుంది. దాన్నే మేం డీకేఏ అంటాం. సెలైన్లు, ఇన్సులిన్ డ్రిప్పు, గంట గంటకూ జీఆర్‌బీఎస్ అనే వేలి చుక్క షుగర్ పరీక్ష, మధ్యమధ్యలో పొటాషియం. ఒక రాత్రీ ఒక పగలూ గడిచాక గండం గట్టెక్కింది. మూడో రోజు వార్డులోకి మార్చి మళ్లీ పాత డోసే మొదలుపెట్టాం, 24, 16. కేస్ షీటులో ఈసారి నేను రాయాల్సిన పని కూడా లేకపోయింది. నా ఏప్రిల్ రాతను చూసి ఇంకో హౌస్ సర్జన్ అదే ఎక్కించేశాడు: "నోన్ నాన్ కంప్లయంట్." మందు వేసుకోదని ముందే తెలిసిన పేషెంట్ అని. ఎవరికి తెలుసు? నాకు తెలుసన్నట్టు నేనే రాశాను కాబట్టి అందరికీ తెలిసిపోయింది.

ఆ రోజు రాత్రి వార్డు డ్యూటీ నాదే. నాలుగు కావస్తుండగా కోడలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అత్తమ్మకు చెమటలు పడుతున్నయ్ మేడం, మాట మంచిగ వస్తలేదు."

వెళ్లి చూస్తే ఒళ్లంతా తడిసి ముద్దయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. జీఆర్‌బీఎస్ 58. రాత్రి ఇన్సులిన్ పడింది కానీ అన్నం సగమే తినిందట. మిగతా సగం కోడలికి పెట్టింది. మింగగలుగుతోంది కాబట్టి గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించాం. పదిహేను నిమిషాల తర్వాత 94. ఇన్ని బ్రెడ్డు ముక్కలు, పాలు ఇచ్చి నేను ఆ మంచం అంచునే కూర్చున్నాను. ఆ టైంకి ఇంకెక్కడి నుంచీ పిలుపు రాలేదు. హౌస్ సర్జన్‌కి అలాంటి అరగంట దొరకడం మామూలు సంగతి కాదు. దొరక్కపోయి ఉంటే ఈ అనుభవం నాకు ఉండేదే కాదు, ఆమె ఉండేదో లేదో కూడా చెప్పలేను.

చెమట తుడుచుకుంటూ ఆమె అంది. "ఇంట్ల ఎన్నడు ఇట్ల కాలే బిడ్డా."

"ఇంట్లో వేసుకుంటే కదా పెద్దమ్మా అయ్యేది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. కోపం లేదు. అలసిపోయిన చూపు. "అదే ఇరవై నాలుగు, అదే పదారు. ఎట్ల ఏసుకుంటనో చూపియ్యాల్నా?" అంది.

చూపించమని అడగాలని నాకు తోచలేదు. ఏడాదిలో ఆమెను చూసిన ఎవరికీ తోచలేదు. ఆమే అడిగింది.

తల దగ్గర పెట్టుకున్న చీరల షాపు కవరు తీసింది. అందులో ఒక తడి గుడ్డ, గుడ్డలో చుట్టి ఇన్సులిన్ సీసా. ఇంట్లో ఫ్రిజ్ లేదు కదా, ఎండాకాలం రేకుల కింద ఎలా ఉంచుతున్నావని అడిగితే, రంజన్ కింద ఇసుక పోసి, దాన్ని తడుపుతూ, అందులో చిన్న గురిగి పెట్టి దాన్లో దాస్తానంది. ఎవరు చెప్పారంటే, మొదట్లో ఇన్సులిన్ నేర్పిన సిస్టరమ్మ చెప్పిందట. ఫ్రిజ్ లేనివాళ్లకు మేం చెప్పే పద్ధతి అచ్చంగా అదే. తర్వాత ఒక సిరంజి తీసింది. దాని గొట్టం మీద గోళ్ల రంగుతో రెండు సన్నటి గీతలు, ఒకటి ఎరుపు, ఒకటి గులాబీ. ఆమెకు అంకెలు చదవడం రాదు. ఎర్ర గీత పొద్దుటికి, గులాబీ గీత రాత్రికి. నాలుగో తరగతి చదివే మనవరాలు గీసి పెడుతుందట. సిరంజి మార్చినప్పుడల్లా పాతదాన్ని పక్కన పెట్టుకుని అంకె చూసి కొత్తదాని మీద గీస్తుందట.

సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించింది. ఊపలేదు, దొర్లించింది. తెల్లగా పాలలా కలిసిందాకా. దూదితో మూత తుడిచింది. సిరంజిలోకి ముందు ఎర్ర గీత దాకా గాలి లాగి, ఆ గాలిని సీసాలోకి కొట్టి, సీసాను తలకిందులు చేసి మందు లాగింది. ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. చిన్న బుడగ ఉంటే గోటితో రెండుసార్లు కొట్టి పైకి పంపి, మళ్లీ లాగి, మందు సరిగ్గా ఎర్ర గీతకు ఆనేలా నిలిపింది. "ఇగో" అని నా ముందు పెట్టింది. చేతులు అప్పటికీ కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి. అయినా మందు గీత దాటలేదు.

ఒక్క తప్పు లేదు. పరీక్షలో ఎగ్జామినర్ ముందు నేను అంత నీట్‌గా చేసి ఉండను.

నేను అయోమయంగా ఆ సిరంజిని చూస్తూ కూర్చున్నాను. సీసా సరైనదే. గీత 24 దగ్గరే ఉంది. మందు పాడవలేదు. మరి? నైట్ డ్యూటీ సిస్టర్ టెంపరేచర్ చూడటానికి పక్క మంచం దగ్గరికి వచ్చి ఇటు చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆమెది. మంచం మీద పడి ఉన్న చిన్న మూతను తీసి నా అరచేతిలో పెట్టారు.

"మేడం, మూత రంగు చూడండి."

నారింజ రంగు.

నాకు ఒక్కసారిగా వెలగలేదు. ఆవిడే చెప్పారు. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి, దాని మీద గీతలు ఆ లెక్కతోనే ఉంటాయి. నారింజ మూతది ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్ కోసం చేసింది. రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటి మీదా అంకెలు ఉంటాయి. నారింజ మూత సిరంజిలో 24 గీత దాకా లాగితే వచ్చేది 0.24 మిల్లీలీటర్లు. 40 యూనిట్ల సీసా నుంచి అంటే ఎంత? చేతిలో ఉన్న ఓపీ చిట్టీ వెనక మూడుసార్లు లెక్క వేశాను. 9.6 యూనిట్లు. రాత్రి డోసు ఆరున్నర కూడా లేదు.

ఆమె రోజూ రెండు పూటలా వేసుకుంటూనే ఉంది. మేం రాసినదాంట్లో సగం కూడా లోపలికి పోవడం లేదు.

"ఈ సూదులు ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

"సంక్రాంతి కాడి నుంచి. అంతకుముందు ఎర్రయే ఉండె. మందుల షాపుల అవి లేవని ఇవి ఇచ్చిండు. సన్నగున్నయ్, నొప్పి తక్కువ. ఏమైంది బిడ్డా?"

సంక్రాంతికి సిరంజి మారింది, ఫిబ్రవరిలో మొదటి అడ్మిషన్. వార్డులో సిస్టర్లు ఎర్ర మూత సిరంజితో ఇస్తారు, షుగర్ దిగుతుంది. ఇంటికెళ్లి నారింజ మూతతో వేసుకుంటుంది, ఎక్కుతుంది. మేం డోసు పెంచుతాం. ఆ పెంచిన డోసును వార్డులో ఎర్ర మూతతో పూర్తిగా ఇచ్చినందుకే, ఇన్ఫెక్షన్ కూడా తగ్గేసరికి, ఈ రాత్రి 58కి పడిపోయింది. ఇదే ఇంట్లో, ఎప్పుడో షాపువాడు మళ్లీ ఎర్ర మూతవి ఇచ్చిన రోజున జరిగి ఉంటే? మనవరాలు 24 దగ్గర గీత గీసి ఇచ్చేది. అందరూ నిద్రపోయేవాళ్లు. ఆ ఆలోచన రాగానే నాకు చేతులు చల్లబడ్డాయి.

ఇన్సులిన్ గురించి నాకు చాలా తెలుసు. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారని, ఆ మొదటి మందు శుద్ధిగా లేక పెద్దగా పని చేయలేదని, 23న ఇచ్చిన రెండో విడత పని చేసిందని తెలుసు. ఏ రకం ఎంతసేపట్లో పని మొదలుపెడుతుంది, ఎప్పటిదాకా ఉంటుంది, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయిదున్నరేళ్ల కోర్సులో నేను చూడనిది ఒక్కటే, పేషెంట్ చేతిలో సిరంజి. ఓపీలో మేం రాస్తాం, వార్డులో సిస్టర్లు ఇస్తారు. ఇంట్లో ఆ పని ఎలా జరుగుతుందో చూసే సందర్భం మాకు ఎక్కడా రాదు. రాదు అనడం కూడా సరి కాదు. పక్కనే కవరులో ఉంటుంది, అడగాలి అంతే.

నేను ఆమెకు విషయం చెప్పాను. తప్పు సూదిదని, ఆమెది కాదని. రెండుసార్లు చెప్పించుకుంది. కోపం చేస్తుందని, కనీసం "నేను చెప్పలేదా" అంటుందని అనుకున్నాను. అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "ఈ ముచ్చట నా కొడుక్కు నువ్వే చెప్పాలె" అంది.

అప్పుడు కోడలు మెల్లగా చెప్పింది. ఏప్రిల్‌లో ఇంటికి వెళ్లాక ఏం జరిగిందో. అమ్మ ఇన్సులిన్ మానేస్తోందని, ఫంక్షన్ హాళ్లలో మిగిలిన డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా తింటోందని కొడుకు గట్టిగా నమ్మాడు. డాక్టర్లే చెప్పారు కదా. పనికి పోవద్దన్నాడు. వైశాఖం పెళ్లిళ్ల సీజన్, ఆమెకు ఏడాదిలో నాలుగు డబ్బులు చేతిలో పడేది అప్పుడే. ఆషాఢం వస్తే హాళ్లకు తాళాలు. ఆ రెండు నెలలూ ఆమె ఇంట్లోనే కూర్చుంది. రోజూ కోడలి ఎదురుగా సూది వేసుకునేది, చూడు అని చూపించి మరీ. అయినా ఇంకెక్కడో ఏదో తింటోందనే అనుకున్నారు. "పాకం గిన్నెలు తోమిన గాని ఏలు నోట్లె పెట్టలే బిడ్డా" అంది ఆమె. అంతకుమించి ఆమె తన గురించి ఒక్క మాట కూడా చెప్పుకోలేదు.

నేను రాసింది రెండు మాటలు. అవి ఆసుపత్రి ఫైల్లోనే ఉంటాయనుకున్నాను. అవి ఆమెతో పాటు ఇంటికి వెళ్లాయి.

పొద్దున రౌండ్స్‌లో యూనిట్ ఛీఫ్ మేడంకు అంతా చెప్పాను. గొంతు వణికింది, దాచలేదు. మేడం సిరంజి చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో చూశారు. ఆమె పొట్ట మీద సూది వేసుకునే చోటు నొక్కి చూశారు. ఒకే చోట వేసుకుని వేసుకుని చర్మం కింద గట్టిగా గడ్డలా అయింది. అలాంటి చోట వేస్తే ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. అది కూడా మేం ఎవరం చూడలేదు. మేడం కేస్ షీటులో ఆ మాట కొట్టేసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టి, "అమ్మా, పొరపాటు మాది" అని ఆమెతో తెలుగులో అన్నారు. తర్వాత మాతో, వార్డులో ఇన్సులిన్ మీద ఉన్న ప్రతి పేషెంట్ కవరూ తెరిపించి సిరంజిలు చూడమన్నారు. ఇంకొక పెద్దాయన దగ్గర కూడా నారింజ మూతలే దొరికాయి. ఆయన షీటులోనూ అదే మాట ఉంది.

ఏప్రిల్ షీటు మాత్రం అప్పటికే రికార్డు రూముకు వెళ్లిపోయింది. వెతికించుకుని చూశాను. పాత రికార్డులో ఏమీ కొట్టేయకూడదు, అది రూల్, సరైన రూలే. నా గీత కూడా అలాగే ఉంది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న ఆ 2019లోనే ఎంబీబీఎస్ సిలబస్ మారింది. ఏట్‌కామ్ అని కొత్తగా పెట్టారు, నడవడిక, నీతి, పేషెంట్‌తో మాట్లాడే తీరు నేర్పే క్లాసులు. పిల్లలు తాము చూసిన పేషెంట్ల గురించి లాగ్‌బుక్‌లో రాయాలి. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాను, ఆ లాగ్‌బుక్కులు నా టేబుల్ మీదికే వస్తాయి. చాలా పేజీల్లో "ఈ పేషెంట్ వల్ల సానుభూతి విలువ తెలిసింది" అని ఉంటుంది. మనసులో లేకుండా రాస్తారని నేను అనను, అలా రాయాలేమో అనుకుని రాస్తారు. ఆ పేజీ వెనక్కి ఇచ్చి, ఆయన గోలీలు ఎక్కడ దాచుకుంటాడో కనుక్కుని రా అంటాను. ఇన్‌హేలర్ వాడే అవ్వ చేత నీ ఎదురుగా ఒకసారి వాడించి, చూసింది చూసినట్టు రాయి అంటాను. ఒక అమ్మాయి అలా వెళ్లి, ఆస్తమాకి పీల్చమని ఇచ్చిన క్యాప్సూల్‌ను ఒక తాత మూడు నెలలుగా నీళ్లతో మింగేస్తున్నాడని కనిపెట్టి వచ్చింది. క్యాప్సూల్ పెట్టి పీల్చే మిషన్ ఏదంటే భద్రంగా డబ్బాలోనే ఉందట. ఆ అమ్మాయి ఆ రోజు రాసిన పేజీలో సానుభూతి అన్న మాటే లేదు. నేను దాచుకున్న పేజీ అదొక్కటే.

కొడుకు ఆ రోజు రాత్రి తొమ్మిదికి వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే. నా డ్యూటీ అయిపోయింది కానీ నేను ఇంటికి వెళ్లలేదు. మాట ఇచ్చాను కదా. రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ 24 గీత దాకా నీళ్లు లాగి, రెండు మందు గిన్నెల్లో పోసి చూపించాను. ఒకదాంట్లో అడుగున చుక్క, ఇంకోదాంట్లో దానికి రెండింతలకు పైగా. అతను రెంటినీ చాలాసేపు చూశాడు.

"అంటే మా అమ్మ ఏసుకుందా?"

"వేసుకుంది అన్నా. రోజూ, రెండు పూటలా. వేసుకోవట్లేదని రాసింది నేను. తప్పు నాది."

అతను నా వైపు చూడలేదు. మంచం కాళ్ల దగ్గర జారిపోయిన దుప్పటిని సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు. అది అప్పటికే సరిగ్గా ఉంది. ఆమె అతని చొక్కా చేయి పట్టుకుని, "అన్నం తిన్నవా?" అని అడిగింది.

తర్వాతి సంగతి చెప్పాలి. జులైలో ఓపీకి వచ్చింది. బోనాల రోజులు, పెళ్లిళ్లు లేక హాళ్లు ఖాళీ. నా ముందు కూర్చోగానే, నేను అడగకముందే కవరులోంచి ఎర్ర మూత సిరంజి తీసి టేబుల్ మీద పెట్టింది. పరగడుపు షుగర్ 130. శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే పనికి పోవచ్చా అని అడిగింది. కొడుకే అడగమన్నాడట. రాత్రిపూట పెళ్లి భోజనాలు అయ్యాక పన్నెండింటికి తింటుంది కాబట్టి, తిండి చేతికొచ్చాకే సూది వేసుకోవాలని, అప్పటిదాకా వేసుకోవద్దని చెప్పాను. ఎప్పుడు తింటావని ఆమెను అడగడం కూడా అదే మొదటిసారి.

అంతకుముందు, సిరంజి సంగతి తేలాక ఆమెను పంపిన డిశ్చార్జ్ రోజు మాత్రం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. డోసు తగ్గించి పొద్దున 18, రాత్రి 10 చేశాం. కొత్త ఎర్ర మూత సిరంజిలు తెప్పించాం. పాత నారింజవి ఒక్కటీ మిగలకుండా సిస్టర్ తీసుకున్నారు. మనవరాలు ఇంట్లో ఉంది కాబట్టి కోడలు గోళ్ల రంగు సీసాలు రెండూ తెచ్చింది, గీతలు మీరే గీసివ్వండి మేడం అని. ఎర్ర మూత సిరంజి మీద ఒక్కో చిన్న గీత ఒక యూనిట్. 20 దగ్గర నుంచి రెండు గీతలు కిందికి దిగితే 18. ఆమెకు అలా చెప్పి, కుంచెను సీసా మూతికి ఒత్తి, ఊపిరి బిగబట్టి గీశాను.

ఆమె సిరంజి తీసుకుని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంది. ఒక కన్ను మూసింది.

"రెండు గీతలు దిగాలె అన్నవు గద బిడ్డా. నువ్వు ఒక్కటే దిగినవ్."

తీసుకుని చూశాను. నా గీత 19 మీద ఉంది. రంగు ఆరకముందే స్పిరిట్ దూదితో తుడిచేశాను. ఆమె గోరు ఆనించి చోటు చూపించింది. అక్కడ గీశాను.